చెడ్డోడి ఇంటి పిరోహీలు

హామిల్టన్‌లో ఒస్తాప్ హలుష్చాక్ ఎవరని అడిగితే ఆ రోజుల్లో పక్కింటివాళ్ళు కూడా కాసేపు ఆలోచించేవారు. కర్నల్ జోరిన్ ఎవరని అడిగితే మాత్రం పళ్ళు రాని పిల్లలు కూడా పళ్ళు నూరేవారు. ఇద్దరూ ఒక్కడే. ఆ ఒక్కడి బట్టలుతికి, వాపులకి కాపడం పెట్టి, వండిపెట్టి, ముప్పై ఏళ్ళకి పైగా కాపురం చేసిన మనిషి పరాస్కా. అందుకని ఈ కథ ఆవిడ వైపు నుంచి చెప్పడమే న్యాయం. కర్నల్ వైపు నుంచి చెప్పేవాళ్ళు ఈ ఊళ్ళో బోలెడుమంది ఉన్నారు. వాళ్ళు చెప్పేవాటిలో సగం కోతలే.

యుద్ధం అయిపోయాక జర్మనీలో కాందిశీకుల శిబిరంలో వాళ్ళిద్దరికీ పెళ్ళయింది. ఓడెక్కి కెనడా వచ్చి, ఈ హామిల్టన్‌లో దిగారు. ఒస్తాప్ ఉక్కు ఫ్యాక్టరీలో కొలిమి దగ్గర పనికి కుదిరాడు. పిల్లలు కలగలేదు. మొదట్లో పరాస్కాకి ఆ దిగులుండేది, తరవాత తరవాత దిగులుపడే తీరిక లేకపోయింది.

కొలిమి దగ్గర అతని పక్కన పనిచేసేవాడు డెస్ టియర్నీ. ఐరిష్ వాడు, ఎర్ర జుట్టు, మాటల పోగు. ఇద్దరు మోసే ఇనప దిమ్మని ఒస్తాప్ ఒక్కడే ఎత్తి పక్కన పెట్టడం చూసి, "ఒరే, నువ్విక్కడ మగ్గిపోవలసిన వాడివి కాదురా" అన్నాడు. అదే వారం అతన్ని టైర్ల షాపు వెనక షెడ్డుకి తీసుకుపోయాడు. అక్కడ పాత పరుపులు పరిచి, నలుగురైదుగురు మనుషులు ఒకళ్ళనొకళ్ళు ఎత్తి కుదేస్తున్నారు. ఓ మూల కుర్చీలో హార్వీ లస్క్ కూచుని చూస్తున్నాడు. చుట్టుపక్కల ఊళ్ళన్నిట్లో కుస్తీ పోటీలు నడిపే ఆసామి ఆయనే.

"నీది ఏ దేశమయ్యా?" అన్నాడు లస్క్ చుట్ట కొరుకుతూ.

"ఉక్రెయిన్ అండి."

"అదెక్కడుంది?"

"రష్యా పక్కన."

"పక్కనేంటి, రష్యా అనే చెప్పు. జనానికి ఆలోచించే పని తప్పుతుంది. మంచోళ్ళు నా దగ్గర కావలసినంత మంది ఉన్నారు. నాకిప్పుడో చెడ్డోడు కావాలి."

ఆ వృత్తిలో మనుషులు ఆ రెండే రకాలు. మంచోడికి చప్పట్లు, చెడ్డోడికి బూతులు. ఒస్తాప్‌కి గుండు గీయించి, మోకాళ్ళ దాకా బూట్లు తొడిగి, భుజాల మీద ఎర్ర అంగీ వేసి, కర్నల్ జోరిన్ అని పేరు పెట్టారు.

ఇంటికొచ్చి ఆ సంగతి చెబితే పరాస్కా పొయ్యి మీద గిన్నె దించేసి ఇటు తిరిగింది. ఒస్తాప్ తండ్రిని ఎర్ర సైనికులు పొలంలోంచి తీసుకుపోయారు. ఆయన మళ్ళీ కనబడలేదు.

"మీ నాన్నని పట్టుకుపోయినవాళ్ళ వేషం కడతావా? సిగ్గు లేదూ నీకు?"

ఒస్తాప్ బూట్లు విప్పుకుంటూ నింపాదిగా అన్నాడు. "వాళ్ళు మా కొంప తిన్నారు. ఇప్పుడు వాళ్ళ పేరు చెప్పుకుని నేను నాలుగు ముద్దలు తింటే తప్పేంటే? పైగా చూడు, వారం వారం ఓ ఎర్ర కర్నల్ అందరి ముందూ తన్నులు తినబోతున్నాడు. మన చర్చిలో ఇంతమంది దేశభక్తులున్నారు కదా, ఒక్కడైనా ఆ మాత్రం చేయించగలిగాడా?"

అన్నాక నాలిక్కరుచుకున్నాడు. ఎవడు గెలవాలో ఎవడు ఓడాలో ముందే అనుకుంటారని పరాస్కాకి ఆ ఒక్క మాటతో తెలిసిపోయింది. అతను మళ్ళీ ఆ ఊసెత్తలేదు, ఆవిడా అడగలేదు.

ఎత్తకూడదు కూడా. అది వాళ్ళ కట్టుబాటు. లోగుట్టు బయట ఎవరికీ చెప్పకూడదు, పెళ్ళాలకి కూడా. మంచోడూ చెడ్డోడూ రింగు బయట కలవకూడదు, ఒక బల్ల దగ్గర తినకూడదు, ఒక కారెక్కకూడదు, వీధిలో ఎదురుపడితే మొహం తిప్పుకుపోవాలి. ఒక్కడు నోరు జారాడా, అందరి పొయ్యిల్లోనూ పిల్లి లేవదు. ఆ కట్టుబాటుని వాళ్ళు పాటించినంత నిష్ఠగా మా ఊళ్ళో ఎవరూ పది ఆజ్ఞలు పాటించలేదు.

కానీ డెస్‌ని లస్క్ మంచోణ్ణి చేశాడు. ఎర్ర జుట్టు, తెల్ల నిక్కరు, నవ్వు మొహం. ఆడవాళ్ళు అతని కోసం చర్చిలో కొవ్వొత్తులు వెలిగించేవారు. గ్వెల్ఫ్‌లోనో బ్రాంట్‌ఫర్డ్‌లోనో పోటీ ఉందంటే, ఈ ప్రాణస్నేహితులిద్దరూ ఒస్తాప్ పాత కారులోనే బయల్దేరేవారు. కర్నల్ దర్జాగా ముందు కూచుని నడిపేవాడు, మంచోడు వెనక సీటు కింద దుప్పటి కప్పుకుని పడుకునేవాడు. ఊరి బయట దిగి బస్సెక్కేవాడు. ఓసారి పెట్రోలు బంకులో పనివాడు దుప్పటి కదలడం చూసి, కర్నల్ ఎవర్నో ఎత్తుకుపోతున్నాడని పోలీసులకి ఫోన్ చేశాడు. పోలీసు వచ్చి దుప్పటి లాగాడు. డెస్ ఏమాత్రం తడుముకోకుండా, "దొంగదెబ్బ తీసి కట్టేశాడు సార్, పోటీకి రాకుండా చెయ్యాలని" అన్నాడు. ఆ పోలీసుకి కుస్తీ అంటే ప్రాణం. ఒస్తాప్‌ని విడిపించడానికి లస్క్ స్వయంగా రావలసొచ్చింది.

దుప్పటికి ఎర్ర వెంట్రుకలు అంటుకుని ఉండడం, ఒక్కడికని ఎన్ని పిరోహీలు కట్టిచ్చినా చాలకపోవడం, ఇవన్నీ పరాస్కా కనిపెడుతూనే ఉంది. చివరికి, "ఆ దుప్పటి కింద మనిషిని ఓసారి ఇంటికి తీసుకురా, వేడివేడిగా తింటాడు" అంది. అప్పట్నుంచీ డెస్ వారంలో ఓ సాయంత్రం పెరటి తలుపులోంచి వచ్చేవాడు. రాగానే పరాస్కా వంటింటి కిటికీకి కర్టెన్ లాగేసేది.

పిరోహీ అంటే పిండి బిళ్ళలో ఉడికించిన బంగాళాదుంప కూరి, కజ్జికాయలా అంచులు నొక్కి, నీళ్ళలో ఉడకబెట్టి, పైన వెన్నలో వేయించిన ఉల్లిపాయ వేసేది. పరాస్కా చేతివి నోట్లో వేస్తే కరిగిపోయేవి.

"కర్నలమ్మా, మీ ఆయన నన్ను వారం వారం చంపుతున్నాడు, నువ్వేమో బతికిస్తున్నావు. ఇద్దరూ ఓ మాట మీద ఉండండి" అనేవాడు డెస్.

"మీ ఆవిణ్ణి కూడా తీసుకురావచ్చుగా."

"నోరాకి అయిదుగురు అక్కచెల్లెళ్ళు. దానికి చెబితే రేడియోలో చెప్పినట్టే."

నోరా టియర్నీని పరాస్కా శనివారం మార్కెట్లో దూరంనుంచి చూడడమే. పొడుగ్గా, గోధుమరంగు కోటు వేసుకుని, కాబేజీలు ఒక్కొక్కటీ నొక్కి చూసి గాని తీసుకునేది కాదు. మంచి ఇల్లాలు అనుకునేది పరాస్కా.

తరవాత టెలివిజన్ వచ్చింది. అదివరకు చెడ్డోడి బతుకు హాలు గుమ్మం దాకానే. కోటు కాలర్ ఎత్తుకుని బయటికొస్తే అతనెవరో ఎవరికీ పట్టేది కాదు. ఇప్పుడు శనివారం శనివారం అతని మొహం ఊళ్ళోవాళ్ళ ముందుగదుల్లోకి వచ్చి కూచుంది. టీవీ ఉన్న ఇంటికి వీధి వీధంతా చేరేది. రింగుకి నడిచొస్తుంటే ఓ ముసలావిడ టోపీకి పెట్టుకునే సూది తీసి అతని తొడలో గుచ్చింది. ఒస్తాప్ ఇంటికొచ్చి, అయోడిన్ రాయించుకుంటూ, "ఆవిడది మంచి చెయ్యి, సరిగ్గా కండలో దింపింది" అన్నాడు. అతనికి దాని మీద కోపం లేదు. "జనం బూ అని ఛీకొట్టినంతకాలం మనకి కూడు. వాళ్ళు ఊరుకున్న రోజున నువ్వు పొయ్యి వెలిగించక్కర్లేదు" అనేవాడు.

పరాస్కాకి ఉంది కోపం. ముఖ్యంగా సొంతవాళ్ళ మీద. ఉక్రెయినియన్ చర్చి కింది హాల్లో శుక్రవారం ఆడవాళ్ళంతా పొడుగాటి బల్ల చుట్టూ చేరి, అమ్మకానికి పిరోహీలు చేసేవారు. ఆ బల్ల దగ్గర చోటు లేని ఆడది చర్చిలో ఉన్నా లేనట్టే. బల్లకి పెద్ద డోలిన్స్కా గారు.

"ఆ ఎర్ర గుడ్డ ఉతికిన చేతుల్తో ఈ పిండి ముట్టుకోకమ్మా" అంది ఆవిడ ఓ శుక్రవారం, అందరూ వింటుండగా.

పరాస్కాకి తలకొట్టేసినట్టయింది. నా మొగుడు వారం వారం ఆ ఎర్ర గుడ్డని మట్టి కరిపిస్తున్నాడు, చూడ్డానికి నీకు కళ్ళు లేవా అని నోటి చివరిదాకా వచ్చింది. మింగేసింది. ఆ రోజు నుంచి ఇంట్లోనే చేసుకునేది.

యాభై ఏడు, నవంబరు. శుక్రవారం సాయంత్రం డెస్ ఎప్పట్లాగే పెరటి తలుపులోంచి వచ్చాడు. తింటూ అన్నాడు, "రేపు నన్ను తాళ్ళ మీంచి బయటికి విసిరెయ్. కెమెరా సరిగ్గా అక్కడే పెడుతున్నారు."

"స్టూడియోలోనా? కింద సిమెంటు గచ్చురా."

"పరుపు వేయిస్తాలే."

"వద్దు."

"ఒరే ముసలోడా, జనానికి మనం చేసేవన్నీ కంఠతా వచ్చేశాయి. కొత్తది ఏదో ఒకటి చూపించాలి. నేను పడతానుగా, నీకేం పోయింది?"

పరాస్కా ఉల్లిపాయలు వేయిస్తూ ఇదంతా విన్నది. మర్నాడు ఇంట్లో టీవీ ముందు కూచుని చూసింది. పరుపు వేస్తే బొమ్మలో కనిపిస్తుందని లస్క్ వేయనివ్వలేదట, ఆ సంగతి తరవాత తెలిసింది. ఒస్తాప్ డెస్‌ని భుజాల మీదికి ఎత్తాడు. ఎత్తినవాడు కాసేపు అలాగే ఉండిపోయాడు. డెస్ పెదాలు కదలడం ఆవిడకి కనిపించింది. అప్పుడు విసిరాడు. తాళ్ళలో డెస్ కాలి మడమ ఇరుక్కుంది. మనిషి తలకిందులుగా పడ్డాడు.

కర్నల్ జోరిన్ తాళ్ళ మీంచి వంగి కిందికి చూశాడు. నిటారుగా నిలబడ్డాడు. నడుం మీద చేతులు పెట్టుకుని పెద్దగా నవ్వాడు. ఆ నవ్వే తరవాత పేపర్లో వేశారు, ఊరు మర్చిపోనిదీ అదే. పరాస్కా మాత్రం అతని కుడి చెయ్యి చూసింది. బొటనవేలు బెల్టులోకి దోపి, ఆ బెల్టుని గట్టిగా పట్టుకుని ఉన్నాడు.

అతను ఇంటికొచ్చి గోడకి జారబడి కూచున్నాడు.

"ఆపొద్దురా అన్నాడు, పరాస్కా. కింద పడి, కాళ్ళు కదలట్లేదని తెలిసి, నా వంక చూసి ఆపొద్దురా అన్నాడు. అందుకని నవ్వాను."

డెస్ టియర్నీ మళ్ళీ నడవలేదు. ఆస్పత్రి ముందు జనం మూగారు. హలుష్చాక్‌ల కిటికీ అద్దాలు పగిలాయి. "నువ్వు ఆస్పత్రి గుమ్మం తొక్కావంటే ఇన్నాళ్ళ వ్యవహారం గంగలో కలుస్తుంది. వీడొక్కడే కాదు, అందరూ రోడ్డున పడతారు" అన్నాడు లస్క్. ఒస్తాప్ వెళ్ళలేదు.

"పోనీ వాళ్ళావిడకైనా చెప్పు" అంది పరాస్కా. "నువ్వు కావాలని చేశావనుకుంటోంది. నేను విన్నాను కదా, నేను చెబుతాను."

"ఏమని చెబుతావు? వాడే అడిగి మరీ విసిరించుకున్నాడనా? ఇప్పుడు నన్ను తిట్టుకుంటోంది. అప్పుడు వాణ్ణి తిట్టుకోవాలి. మంచంలో ఉన్న మనిషిని తిట్టుకుంటూ ఎన్నేళ్ళు చేస్తుంది? నన్నే తిట్టుకోనీ. నాకు అలవాటే."

పరాస్కా నోరా దగ్గరికి వెళ్ళలేదు. కానీ ఆ రోజునుంచీ ఆవిడ మనసులో ఒకటే కోరిక నిలిచిపోయింది. ఊరు ఏమైనా అనుకోనీ, చర్చి ఏమైనా అనుకోనీ. నోరాకి నిజం తెలియాలి. ఆ ఒక్క మనిషి తన మొగుణ్ణి రాక్షసుడనుకోవడం మానాలి. అంతకుమించి ఆవిడ దేవుణ్ణి ఏమీ అడగలేదు.

చెయ్యగలిగింది మాత్రం ఒక్కటే. శుక్రవారం పిరోహీలు చేసి, నీలం ఎనామిల్ గిన్నెలో పెట్టి, గుడ్డ కట్టి, రొట్టెల బండివాడి చేతికిచ్చేది. అతను రెండు వీధుల్లోనూ తిరిగేవాడు, నోరు లేని మనిషి. టియర్నీల పెరటి మెట్ల మీద పెట్టి వచ్చేవాడు. మరుసటి వారం ఖాళీ గిన్నె తిరిగొచ్చేది. తళతళలాడేలా తోమి ఉండేది. చర్చివాళ్ళు పంపుతున్నారనో ఏదో డెస్ ఇంట్లో చెప్పుకుని ఉంటాడనుకుంది పరాస్కా. రొట్టెల బండి మానేశాక ఒస్తాపే తెల్లారకుండా వెళ్ళి మెట్ల మీద పెట్టి వచ్చేవాడు. తలుపు కొట్టేవాడు కాదు.

ఇక మార్కెట్ సంగతి. శనివారం ఇద్దరాడవాళ్ళూ అక్కడికే వచ్చేవారు. మొదటిసారి ఎదురుపడ్డప్పుడు పరాస్కా ఆగి, ఏదో అనబోయింది. నోరా ఆవిణ్ణి కాళ్ళనుంచి తలదాకా చూసి, మొహం పక్కకి తిప్పి, నేల మీద ఉమ్మేసింది. బంగాళాదుంపల కొట్టువాడు, చేపల కొట్టువాడు, సంచులు పట్టుకున్న ఆడవాళ్ళు, అందరూ నోళ్ళు తెరుచుకుని చూశారు. పరాస్కాకి నేల చీలితే బాగుండుననిపించింది. ఇంటికొచ్చి గుక్కపెట్టి ఏడ్చింది. ఆ తరవాత ఏడవడం మానేసింది. నోరా కనబడగానే గడ్డం ఎత్తి, ముక్కు ఆకాశానికి పెట్టి, పక్కనుంచి ఓడలా వెళ్ళిపోయేది. ఇలా ఏళ్ళు గడిచాయి. ఇద్దరూ ఎదురుపడే సమయానికి కొందరు పనిగట్టుకుని ఆ వరసలోకి వచ్చి నిలబడేవారు.

ఒక్కసారి మాత్రం వేరుగా జరిగింది. మంచు పడుతున్న రోజు, బస్ స్టాపులో వాళ్ళిద్దరే ఉన్నారు. ఇంకో పురుగు లేదు. నోరా మొహం తిప్పుకోలేదు. గాలి వచ్చే వైపుకి తను జరిగి నిలబడి, గొడుగు కొంచెం ఇటు వంచింది. మాట మాత్రం ఆడలేదు. బస్సులో జనం కనబడగానే గొడుగు మూసేసింది. పాపం, గుండె పూర్తిగా రాయి కాలేదు అనుకుంది పరాస్కా.

ఆ ప్రమాదం తరవాత కర్నల్ జోరిన్ పేరు ఇంకా మోగింది. అతనికి కుంటి నడక వచ్చేదాకా వారం వారం తన్నులు తిన్నాడు. తరవాత టీవీలో కుస్తీ ఆపేశారు. ఊళ్ళో ఐస్ హాకీ ఆడే రింకులో ఒస్తాప్‌కి పని దొరికింది. ఆట మధ్యలో మంచుని నున్నగా చేసే బండి ఉంటుంది, అది తోలడం. అతను బండి మీద కూచుని గుండ్రంగా తిరుగుతుంటే, కుస్తీ ఒక్కసారైనా చూడని పిల్లలు కూడా వాళ్ళ నాన్నలు నేర్పినట్టు బూ అని అరిచేవారు. అతను పిడికిలి చూపించి, గుడ్లురిమేవాడు. పిల్లలు కేరింతలు కొట్టేవారు. "వాళ్ళ తాతలు కూడా ఇంత బాగా అరవలేదే" అని ఇంటికొచ్చి మురిసిపోయేవాడు.

ఆరోగ్యం చెడింది. ఊపిరితిత్తులన్నారు. కొలిమి పొగ అన్నారు. తెల్లారకుండా గిన్నె పెట్టి రావడం పరాస్కా వంతైంది. మంచం పక్కన కూచున్న పరాస్కా చెయ్యి పట్టుకుని, "నేనిలా పోగానే నువ్వలా వెళ్ళి నోరాకి చెప్పేస్తావు. నాకు తెలుసు నీ సంగతి" అన్నాడు.

"చెబితే ఏం?"

"వద్దు. డెస్ ఇంకా ఉన్నాడు. వాడున్నంతకాలం వద్దు."

"నువ్వు ఆ పాపం నెత్తిన పెట్టుకునే మట్టిలోకి పోతావా?"

"వేషం తియ్యకుండా పోయినవాళ్ళు చాలామంది ఉన్నార్లే. మాటివ్వు."

ఇచ్చింది. ఆవిడ జీవితంలో ఇంత కష్టంగా ఇంకో మాట ఇవ్వలేదు.

ఎనభై ఒకటి, ఏప్రిల్. అంత్యక్రియలకి చర్చివాళ్ళు వచ్చారు, రింకు పిల్లలు వచ్చారు. పాత కుస్తీవాళ్ళు కూడా వచ్చారు, చెవులు నలిగినవాళ్ళు, నడుములు వంగినవాళ్ళు. వచ్చి, చెడ్డోళ్ళంతా ఎడమ వరసల్లో, మంచోళ్ళంతా కుడి వరసల్లో కూచున్నారు. ఒకళ్ళనొకళ్ళు పలకరించుకోలేదు. మా చర్చిలో ఎడమ వైపు ఆడవాళ్ళది. ముసలి చెడ్డోళ్ళ మధ్య ఇరుక్కుని డోలిన్స్కా గారు జపమాల తిప్పుతూ కూచుంది.

శ్మశానంలో పెట్టె దించబోతుంటే చక్రాల కుర్చీ చప్పుడైంది. కంకర మీద కుర్చీని నోరా తోసుకొస్తోంది. కుర్చీలో డెస్ టియర్నీ. ఎర్ర జుట్టు తెల్లబడింది. జనం చీలి దారిచ్చారు. ఇప్పుడు చెబుతాడు, అనుకుంది పరాస్కా. తను మాటిచ్చింది గాని అతను ఇవ్వలేదు కదా. అందరి ముందూ అతనే చెప్పేస్తాడు.

డెస్ పెట్టె దగ్గర కుర్చీ ఆపించి, పిడికిలి ఎత్తాడు.

"లేవరా జోరిన్. నీకూ నాకూ ఇంకా తేలలేదు. పడుకుని తప్పించుకుందామనుకుంటున్నావా పిరికి సన్నాసీ" అన్నాడు. తరవాత నోటికి రెండు చేతులూ అడ్డం పెట్టుకుని "బూ" అన్నాడు.

కుడి వైపు మంచోళ్ళు అందుకున్నారు. ఎడమ వైపు చెడ్డోళ్ళూ అందుకున్నారు. రింకు పిల్లలు అదే అదనుగా గొంతులు చించుకున్నారు. ఫాదరు ధూపం పట్టుకుని అయోమయంగా నిలబడ్డాడు. చర్చి ఆడవాళ్ళు చెవులు మూసుకున్నారు. పరాస్కాకి కన్నీళ్ళు ఆగలేదు. ఇంతకంటే మర్యాద ఒస్తాప్‌కి ఎవరూ చెయ్యలేరని ఆవిడకి తెలుసు. అయినా లోపల ఓ ముక్క మండుతూనే ఉంది. డెస్ చెప్పలేదు. కుర్చీ వెనక నోరా మొహం రాయిలాగే ఉంది.

తరవాత చర్చి కింది హాల్లో భోజనాలు. డోలిన్స్కా గారి బల్ల వాళ్ళు చేసిన పిరోహీలు. చెప్పులు కుట్టుకోవచ్చు, అంత మందం. పరాస్కా మింగుడుపడక లేచి, వంటగది పక్కన కోట్లు తగిలించే సందులోకి వెళ్ళి నిలబడింది. వెనకనుంచి నోరా వచ్చింది. చేతిలో గుడ్డ కట్టిన నీలం ఎనామిల్ గిన్నె.

"పోయిన వారంది. తోమాను" అంది నోరా.

పరాస్కా గిన్నె వంక, ఆవిడ వంక చూసింది. "ఇది మాదని నీకెలా తెలుసు?"

"మొదటి గిన్నె వచ్చినప్పట్నుంచీ తెలుసు. ఆస్పత్రిలో కళ్ళు తెరిచిన వారంలోనే డెస్ అంతా చెప్పాడు. నేనే విసరమన్నాను, వాడు వద్దన్నాడు, అని. నాలుగు రోజులు తిట్టాను మనిషిని. అయిదో రోజు ఇంక తిట్లు దొరకలేదు."

"మరి మార్కెట్లో?" పరాస్కా గొంతు లేచింది. "ఉమ్మేశావు కదే నా మొహం ముందు."

"జనం చూస్తున్నారు కదా." నోరా తెల్లబోయింది. "నీకు తెలియదా? నువ్వూ నాటకం ఆడుతున్నావనే అనుకున్నాను. ఆ గడ్డం ఎత్తడం, ఆ నడక. ఇంటికెళ్ళి డెస్‌కి చేసి చూపించేదాన్ని. ఆవిడ ఇంత బాగా చేస్తుంటే నేను పాడు చెయ్యకూడదు అనుకునేదాన్ని."

పరాస్కాకి ఏడుపు రాలేదు. ఒళ్ళు మండిపోయింది. ఇరవై నాలుగేళ్ళు. ఎన్ని శనివారాలు ఇంటికొచ్చి సంచి కూడా దించకుండా కూచుండిపోయింది. ఎన్నిసార్లు ఆ మెట్ల మీద గిన్నె పెట్టి ఒస్తాప్ తలుపు కొట్టకుండా తిరిగొచ్చాడు.

"ఆయనకి తెలియదు" అంది. "నువ్వు తిట్టుకుంటున్నావనే అనుకుంటూ పోయాడు. డెస్ ఎందుకు చెప్పి పంపలేదు?"

"తెలిస్తే వాడు పరిగెత్తుకొచ్చి మా గుమ్మంలో కూచుంటాడు, లస్క్ వాడి కూడు తీసేస్తాడు అన్నాడు డెస్. అప్పట్లో అది నిజమే."

"టీవీలో ఆపేశాక?"

"ఆపేశాక..." నోరా చేతిలో గిన్నె అంచు తడుముతూ ఉండిపోయింది. "అలవాటైపోయింది పరాస్కా. ఇంకేం చెప్పను."

ఆవిడ తన పేరు పలకడం అదే మొదటిసారి. పరాస్కా గిన్నె లాక్కుని, మాట్లాడకుండా ఇంటికెళ్ళిపోయింది. ఆ వారమంతా కోపంగానే ఉంది. డెస్ మీద, నోరా మీద, ఒస్తాప్ మీద, ఆ పాడు కట్టుబాటు మీద. బుధవారం బంగాళాదుంపలు ఉడకేసింది, చల్లారాక పారబోసింది. గురువారం మళ్ళీ ఉడకేసింది.

శుక్రవారం సాయంత్రం గిన్నె పట్టుకుని టియర్నీల వీధికి నడిచింది. పెరటి వైపు వెళ్ళలేదు. వీధి వైపు మెట్లెక్కి, ముందు తలుపు కొట్టింది. ఎదురింటి వరండాలో కూచున్నవాళ్ళు మెడలు సాచారు. నోరా తలుపు తీసి, వాళ్ళ వంక చూసి, మొహం తిప్పుకోబోయి, ఆగిపోయింది.

"అడ్డు లే" అంది పరాస్కా. "చల్లారిపోతాయి."

వంటింట్లో బల్ల దగ్గర డెస్ కుర్చీలో ఉన్నాడు. ఆవిణ్ణి చూసి గబగబా పళ్ళెం ముందుకి లాక్కున్నాడు. పరాస్కా గుడ్డ విప్పి గిన్నె బల్ల మీద పెట్టింది. బల్లకి ఆ పక్క ఓ కుర్చీ ఖాళీగా ఉంది. దాని వంక ముగ్గురూ చూశారు. వంటింటి కిటికీ వీధి మలుపు వైపుకి ఉంది. నోరా గబగబా వెళ్ళి కర్టెన్ అంచు పట్టుకుంది.

"వెయ్యకు" అంది పరాస్కా. "ఉండనీ."

నోరా కర్టెన్ వదిలేసి వచ్చి కూచుంది. డెస్ ఒకటి తీసుకుని కొరికాడు. కళ్ళు తుడుచుకున్నాడు.

"ఇవాళ ఉప్పు తక్కువేశావు కర్నలమ్మా" అన్నాడు.

"నోరు మూసుకుని తిను" అంది పరాస్కా, అతని పళ్ళెంలో ఇంకో రెండు వేస్తూ.